రోజుకి రెండు నీళ్లు

కాకినాడ ల్యాబులో నేను గీసిన టేబుల్‌కి
రోజుకి నీరు ఒక్కటే.
స్టేషను, తేదీ. రెండూ కలిస్తే ప్రైమరీ కీ.

భైరవపాలెం నుంచి ఏడుకొండలు రిజిస్టరు వచ్చింది,
అట్టకి చేప పొలుసు అంటుకుని.
ఒక్కో తేదీకీ రెండేసి వరసలు.
రెండోదాన్ని నకలంటూ తోసేసింది డేటాబేసు.

ఫోన్ చేశాను.
"పోటు మీద ముంచిందొకటండి, పాటు మీద ముంచిందొకటండి.
ఒకటే నీరెలా అవుద్దండీ?"

కీలో మూడో కాలమ్ కలిపాను.
అప్పుడు అడ్డం తిరిగాయి
మూడేళ్ల పాత వరసలు,
మీరే నీరు అంటే చెప్పలేనివి.
ఊహించి నింపెయ్యొచ్చు, పంచాంగం ఉంది, చంద్రుడున్నాడు.
నింపలేదు.
అన్నిటికీ ఒకే కమాండుతో "తెలియదు" అని రాశాను.

ఆగస్టు పేజీలో
ఏడో తారీకు ఉప్పు సున్నా:
ఎర్రనీరు సముద్రాన్ని మొగ బయటికి నెట్టేసిన రోజు.
ఎనిమిదిన గడి ఖాళీ.
పక్కనే పెన్సిలుతో,
"పడవ తియ్యలేదు. పాకలోకి నీళ్లొచ్చాయి."

సున్నాని సున్నాగా, ఖాళీని ఖాళీగా ఎక్కించి
బ్యాకప్ తీసి
లైటు ఆర్పబోతూ ఆగాను.

ఆ పెన్సిలు మాటకి
ఇంకా కాలమ్ లేదు.