చల్లటి బండి

ఏప్రిల్ ఆఖరి పరీక్ష నాడు
మెట్టుగూడ రైలు బ్రిడ్జి కింద
నా వ్యాను పొగలు కక్కింది.
లోపల తొమ్మిదిమంది పిల్లలు.
ఒకడు నీళ్ల బాటిల్ చాపి
"ఆంటీ, దీనికి తాపియ్యి" అన్నడు.

రోడ్డు పక్క మెకానిక్ వచ్చి
చేతికి తడిగుడ్డ చుట్టుకొని ఏదో ఇప్పిండు.
బొంగరమంత ఇత్తడి ముక్క తీసి
మోరీల ఇసిరేసిండు.
"హైదరాబాద్ ఎండకు ఇదెందుకమ్మా,
నీళ్లకు అడ్డం."
రెండొందలిచ్చి దండం గూడ పెట్టిన.

ఆనాటి నుంచి ముల్లు సీ దగ్గర్నే పండుకున్నది.
హెచ్ దిక్కు తల తిప్పలే.
నా బండి చల్లటి బండి అని
తార్నాక స్టాండుల గొప్పగ చెప్పుకున్న.

వానలు పోయినయి, సలి దిగింది.
లీటరుకు పదిహేనిచ్చే బండి
పదమూడన్నది, పన్నెండన్నది,
పదిన్నర కాడ నా పెన్ను ఆగింది.
పైపులన్ని వాసన చూసిన.
రాత్రి ట్యాంకు కింద అట్టముక్క పరిచిన,
తెల్లారి దాని మీద ఒక్క సుక్క లేదు.
సుక్క లేకుంటే
ఇగ మిగిలింది మనిషే గదా.

మనిషంటే ఏలియా.
పిల్లల బ్యాగులందుకొని డోరేసే పోరడు.
పొద్దుగాల్నే బండి తుడుస్తడు,
తాళం వాని జేబుల్నే.
"బాటిల్ ఎంతకమ్ముతున్నవ్ రా?" అన్న.
వాడు చేతుల గుడ్డను నాలుగు మడతలేసి
సీటు మీద పెట్టిండు,
దాని మీద తాళం పెట్టిండు.
పదకొండు రోజుల జీతం
అడగకుండనే పోయిండు.
అడగలేదు గాబట్టి దొంగే అనుకున్న.

పదిన్నర మాత్రం పదిన్నర్నే ఉన్నది.

భోలక్‌పూర్‌ల, తోళ్ల వాసన నడుమ
బషారత్ ఉస్తాద్ షెడ్డు.
ఆయన బానెట్ లేపకముందే ముల్లు చూసిండు,
అర్ధగంట బండి నడవనిచ్చి మళ్ల చూసిండు.
రేడియేటర్ పైపు మీద అరచెయ్యి పెట్టి
నన్నుగూడ పెట్టమన్నడు.
గోరువెచ్చగ, అప్పుడే నిద్ర లేచిన పిల్ల లెక్క.

"సక్కుబాయీ, నీళ్లకు ఒక దర్వాజ ఉంటది.
ఇంజన్ గరమయ్యేదాంక మూసుకుంటది,
గరమైనంక తెరుచుకుంటది.
నీ దర్వాజ పీకేసిన్రు.
ఇంజన్ పొద్దంత వణుకుతున్నది.
వణికేదానికి ఆకలెక్కువ.
సెన్సార్ ఇంకా సలి, ఇంకా సలి అంటది,
పెట్రోల్ ఇంకా పోస్తనే ఉంటది."

మరి ఆనాడు పొగలెందుకొచ్చినయి?
ఆయన ఫ్యాను తీగ గుంజి చూపిండు,
కాలిన కాడ పాత టేపు చుట్టి ఉన్నది.
"రోగం ఇది. దవా గూడ వాడే ఏసిండు.
దర్వాజ ఊకెనే పీకిండు."

అయితే పెట్రోల్ ఎటు పోయింది ఉస్తాద్?
సైలెన్సర్ మూతిల వేలు తిప్పి తీసిండు.
కాటుక పెట్టే వేలంత నలుపు.
"యాడికి పోలే. ఇదే తాగింది."

రాణిగంజ్ నుంచి కొత్తది తెచ్చినం,
ఆరు వందల నలభై.
బిగించేముందు చాయ్ గిన్నెల నీళ్లు కాగపెట్టి
అందుల ఏసిండు.
ఎంతసేపటికీ కదల్లే.
బుడగలు లేచే యాళ్లకు
మెల్లగ, అంగుళం పావొంతు, నోరు తెరిచింది.
షెడ్డుల పోరగాళ్లు గూడ ఒంగి చూసిన్రు.
నాకెందుకో అక్కడ నిలబడ బుద్ధికాలే.

అడ్డగుట్ట ఎక్కంగ ముల్లు లేచింది,
నడుమకొచ్చి ఆగింది.
ఏలియా వాళ్లమ్మ నల్లాకాడ బిందె పట్టుకొని ఉన్నది.
కవరు చాపితే ముట్టలే.
"పని జేసింది వాడు, వానికే ఇయ్యి.
ఏడింటికొస్తడు."

వ్యానుల కూసున్న.
మడత ఇప్పని గుడ్డ పక్క సీట్ల.
డైరీ తీసి రాసిన:
థర్మోస్టాట్, ఆరు వందల నలభై.
ఏలియా, పదకొండు రోజులు.
దాని కింద ఇంకొక గీత గీసిన.
ఆ గీత ముందట ఏం రాయాల్నో తెలవక
పెన్ను మూత తీస్తున్న, పెడుతున్న.
ఆరున్నర అయ్యింది.