పద్నాలుగో వారం

బుధవారం ఆఖరి బస్సుల
కండక్టర్ మొగిలయ్య తెచ్చేటోడు వారపత్రిక.
హన్మకొండల ఎవరో కొనుక్కొని, చదివి,
సీటు మీద మరిచిపోయింది.
ఒకసారి పేజీల నడుమ పల్లీపొట్టు,
ఒకసారి బొమ్మల పిల్లలందరికీ
ఎవలో పెన్నుతోని దిద్దిన మీసాలు.
పరకాల బాలికల హాస్టల్ల మేం నలభై ఇద్దరం.
పత్రిక ఒకటి.

అందుల సీరియల్, "నీలికొండ బడి".
పొగమంచు, ఎర్ర ఇటుకల మేడ, తెల్లసాక్సుల పిల్లలు,
అర్ధరాత్రి మంచాల కింద దాచిన కేకు.
డార్మిటరీ అంటే ఏంది మేడం అని అడిగితే
"మీరు పండుకునేదే" అన్నది వార్డెనమ్మ.
తలలెత్తి రేకుల కప్పు చూసినం.
తెల్లరంగుతోని పేర్లు రాసిన ట్రంకుపెట్టెలు,
దండెం మీద ఆరని లంగాలు.
గిదేనా?
ఆ రాత్రి రేకుల మీద వాన దంచికొడ్తుంటే
నీలికొండ మీద మంచు కురుస్తున్నదనుకున్నం.
మంచుకు చప్పుడుండదని
మాకెవ్వలూ చెప్పలే.

చదివేది నేను, గొంతు పెద్దది గనుక.
మేం సుత అర్ధరాత్రి విందు చేసుకోవాలని
దసరా సెలవులకు పోయి తెచ్చిన సర్వపిండిని
భద్రక్క పెట్టెల బట్టల కింద దాచినం.
ఠాణాల గంట పదకొండు కొట్టేసరికి
అందరం నిద్రపోయినం.
విందు చీమలు చేసుకున్నయి.

పదమూడో వారం
ప్రిన్సిపాల్ గదిల వెండికప్పు పోయింది.
గడప మీద పిండి అంటిన అడుగులు.
వంటామె బిడ్డ దిక్కు అందరూ తిరిగి చూసిండ్రు.
తరువాయి వచ్చే వారం.

వచ్చే బుధవారం మొగిలయ్య ఉత్తచేతులతోని దిగిండు.
"ఇయ్యాల చదివినోళ్లు ఇంటికి కొంటవోయిండ్రు బిడ్డా."

పదిహేనో వారానికి కప్పు అద్దాల బీరువాల ఉన్నది.
హాకీ పోటీ మొదలైంది.
వంటామె బిడ్డ ఏ పేజీల లేదు.

మాకు వండిపెట్టే దుర్గమ్మ బిడ్డ సాంబలక్ష్మి.
మాతోనే ఏడో తరగతి.
ఆ రాత్రి చాటల రాళ్లేరుకుంటనే అన్నది,
"నడుమ వారం నేను చెప్త, ఇనుండ్రి.

కప్పు ఆ పిల్లనే తీసింది.
దాసుకోను గాదు, బియ్యం కొలువను.
ఆ బడిల సోల అడుగు లోపలికి సొట్టపోయి ఉన్నది.
పూటకు మనిషికి పిడికెడు తక్కువ.
వాళ్లమ్మ చెప్తే ఎవలు నమ్ముతరు?
అందుకే అందరి ముంగట
సోల నిండ పోసి కప్పుల వంపి చూపిచ్చింది.
కప్పు నిండలే.
ఇంగ్లీషు చదివే పిల్లలంతా నోర్లు తెరిచిండ్రు."

ఎవ్వలం మాట్లాడలే.
మా సోల సుత అడుగు సొట్టదే.
తలుపవతల చెప్పుల చప్పుడు
కొంచెం ఆగి, పోయింది.

వారమయినంక వంటింట్లకు కొత్త సోల వచ్చింది.
పాతది పారేసిండ్రో, వేరే హాస్టల్‌కు పంపిండ్రో.

ముప్పై ఆరేండ్లు గడిచినయి.
మొన్న ఆదివారం హన్మకొండ చౌరస్తాల
పాత పుస్తకాల కుప్పల దొరికింది పద్నాలుగో వారం.
ఇరవై రూపాయలు.
ఎండల నిలబడే చదివిన.

కప్పు ఆ పిల్లనే తీసింది, అమ్ముకోవాలని.
ప్రిన్సిపాల్ దయగల మనిషి, పోలీసులకు చెప్పలే.
తల్లినీ బిడ్డనూ కొండ దిగే బస్సు ఎక్కిచ్చింది.
అంతా కలిపి ఎనిమిది వరుసలు.
కింద ఒక బొమ్మ: మూట, జడ, వీపు.
మొఖం గీయలే.
ఆ ఎనిమిది వరుసల కింద
కేకు చేసే విధానం, నాలుగు గుడ్లతోని.

భూపాలపల్లికి ఫోన్ చేసిన.
సాంబలక్ష్మి అంగన్‌వాడీల పిల్లలకు వడ్డిస్తున్నది,
గిన్నెల మోత, ఎవలో అన్నం అన్నం అని ఏడుపు.
మొత్తం చదివి వినిపిచ్చిన.
"ఉండు" అని ఫోన్ పక్కకు పెట్టి
ఎవలికో ఇంకింత పెట్టి వచ్చి
అన్నది కదా,
"రాసినామెకు బియ్యం కొలువరాదే, పాపం."