నూకలు

కాకినాడ లంగరు రేవులో
బార్జి మీద బస్తాలు లెక్కపెట్టే పని నాది.
నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా.
మండపేట మిల్లుల్లోంచీ, రామచంద్రపురం మిల్లుల్లోంచీ
లారీలెక్కి వచ్చిన నూకలు.
బియ్యం కాదు, నూకలే.
మనం కోళ్లకి జల్లేవి,
జొరమొస్తే జావ కాచేవి.
గోతాం మీద నీలం సిరాతో
కొటొను అని ఊరి పేరు.

చేరిన కొత్తలో మేస్త్రీ గవరయ్యని అడిగాను:
ఇన్ని నూకలు ఎవరు తింటారండీ?
తినేవాళ్లు పుడుతున్నార్రా, అన్నాడు
బీడీ నోట్లోంచి తియ్యకుండా.
ఆ ఒక్క ముక్కతో చాలా ఏళ్లు సరిపెట్టుకున్నాను.

మొన్న శ్రావణంలో
ముసురు పట్టి ఓడ మూడ్రోజులు ఆగిపోయింది.
సరుకు చూసుకోడానికి వచ్చిన ఆ దేశపతను
టార్పాలిన్ కింద నా పక్కనే కూర్చున్నాడు.
అతని ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ
బురదగట్టు మీద ఇద్దరు ముసలాళ్లలా
ఒకదాన్నొకటి పట్టుకుని నడిచాయి.

పేరు దొస్సు.
కవలల తర్వాత పుట్టినవాడికి పెట్టే పేరట.
మా నాయనమ్మకి తొమ్మిది కాన్పులు, అన్నాడు.
మా అమ్మకీ తొమ్మిదే.
చేతివేళ్లు ముడిచి చూపించాడు:
నాయనమ్మకి నలుగురు దక్కారు.
అమ్మకి ఎనిమిదిమంది.
అంతే జరిగింది మా దేశంలో, అన్నాడు.
కొత్తగా ఎవరూ ఎక్కువ కనలేదు,
పోవలసినవాళ్లు పోలేదు.

నా గుర్తింపు కార్డు మీద పుల్లేశ్వర్రావు.
ఇంట్లో పుల్లయ్యనే.
నా ముందు ముగ్గురు పురిట్లోనే పోతే
నన్ను ఎంగిలి విస్తళ్ల మీద దొర్లించారు,
చావుకి రోత పుట్టి వదిలేస్తుందని.
ఇది చెప్పడానికి నాకు అరగంట పట్టింది.
అతను నవ్వలేదు.
మా మేనమామ పేరుకి అర్థం చెత్తకుప్ప, అన్నాడు.
మా వీధిలోనూ ఉన్నాడు, పెంటయ్య, అన్నాను.
అప్పుడు నవ్వాం, టీ ఒలికేలా.

మా లంకలో ఇప్పుడు పుల్లయ్యలు పుట్టరు.
మా అమ్మ మంత్రసాని,
బొడ్డు కోసిన ప్రతి బిడ్డకీ
ఓ చింతగింజ కుండలో వేసేది.
పోయిన బిడ్డ గింజ తీసేసేది,
చీకట్లో, ఎవరికీ చెప్పకుండా.
చివరి పదేళ్లూ తీసే పని పడలేదు.
ఆ తర్వాత వేసే పనీ తగ్గింది.
కిందటేడు పంచాయతీ పుస్తకంలో
పుట్టినవి పదకొండు, పోయినవి పంతొమ్మిది.
బడిలో ఆరుగురు పిల్లలు,
మధ్యాహ్నం గుడ్లు మిగిలిపోతున్నాయి.
మాకూ ఒక్కర్తే, లావణ్య లత.
ఇంకొకర్ని కందామని
నేనూ అనలేదు, భద్రమూ అనలేదు.

బిడ్డ బతుకుతుందని నమ్మడానికి
ఓ తరం పడుతుందనుకుంటా.
దొస్సుకి ముగ్గురే పిల్లలు.
చాలా తక్కువని వాళ్లమ్మ
ఫోన్లో రోజూ తిడుతుందట.

మూడోనాడు తెరిపిచ్చింది.
క్రేను కదిలింది.
వెళ్లేముందు అతనికో మాట చెప్పాలనిపించింది:
మా భాషలో ఎవరైనా పోతే
భూమ్మీద నూకలు చెల్లాయంటాం.
దొస్సు ఓడ కడుపులోకి తొంగి చూశాడు.
కింద తెల్లగా, గుట్టలుగా, అడుగు కనపడకుండా.
అయితే మావాళ్లకి
ఇప్పట్లో చెల్లవన్నమాట, అన్నాడు.

ఆఖరి వలలో ఓ గోతాం చిరిగి
నూకలు నా కాళ్ల మీద కారాయి.
దోసిళ్లతో ఎత్తి పోసి
పురికొసతో కుట్టి
దాన్నీ లెక్కలో వేశాను.