అసమాపక క్రియ

డండీలో హిల్‌టౌన్ వాలు మీద లాండ్రీ షాపు.
ఆదివారం రాత్రి, మూతేసే వేళ.
మూడు పౌండ్లు తినే మెషీను
ఒక్కో నాణేన్నే మింగుతుంది.
గుప్పెడూ ఒక్కసారే పోస్తానంటే
దాని నోరు పట్టదు.

ఒకటి వేశాను.
ఇక ఇది మూడు పౌండ్ల మెషీను కాదు,
రెండింటికే ఆకలేసే కొత్తది.
ఇంకోటి వేశాను. మళ్ళీ వేరేది.

శుక్రవారం ఆఫీసులో ఇదే చెప్పబోయాను.
కర్రీయింగ్ అన్నానో లేదో
"మీ వంటేనా?" అన్నాడు యూయన్.
కాదు నాయనా, ఎవరో లెక్కలాయన ఇంటిపేరు,
పోపులపెట్టెతో చుట్టరికం లేదన్నాను గానీ
ఎందుకు లేదూ?
నూనె పోసి, ఆవాలు వేసి, చిటపటమన్నాక
కరివేపాకు దూసి...
ప్రతి మాట చివరా వాక్యం చెయ్యి చాచి నిలబడే ఉంటుంది.
క్రియ పడందే కూర దిగదు.

ఎనిమిదో తరగతిలో అచ్యుతవల్లి టీచరు
బోర్డు మీద "వెళ్ళి" అని రాసి
సుద్దముక్క కింద పెట్టేసేది.
వెళ్ళి?
క్లాసు మొత్తం ఊపిరి బిగబట్టేది.
క్త్వార్థకమని బట్టీ పట్టాం.
సగం నిండిన ఫంక్షనని ఇన్నేళ్ళకి తెలిసింది.

పొట్టిరాత దగ్గర యూయన్ మొండికేశాడు.
బ్రాకెట్లో ప్లస్సూ మూడూ, అంతేనా?
దేనికి కలపాలో చెప్పవేం?
ఆ ఎడంపక్క ఖాళీ, వచ్చేవాడి కుర్చీ, అన్నాను.
మా భాషలో "తిన్నావా" అంటాం.
నువ్వు అన్న మాటుండదు,
నువ్వుంటావు.

గొప్పలు పోకూడదులే.
పోయిన నెల పేర్లన్నీ పీకేసి
చుక్కలతో ఒంటి వరసలో రాసిన కోడు
సోమవారానికి నాకే అర్థం కాలేదు.
చెత్త తిట్లు తిట్టుకుని
ఒక్కో పేరూ వెనక్కి పిలిచి కూర్చోబెట్టాను.

మూడో నాణెం. నా మెషీను తిరుగుతోంది.
పక్కదాని మీద ఒకటి అన్న అంకె
ఇందాకట్నుంచీ మిణుకుమంటోంది.
ఎవరో రెండు వేసి వెళ్ళారు.
గాజు వెనక చిన్న స్కూలు చొక్కాలు,
రోడ్డు పనివాళ్ళ పచ్చజాకెట్టు ఒకటి.
చిల్లర కోసం పరిగెత్తారో, చాలక ఆగారో.
సబ్బుపొడి వేశారో లేదో,
ఆ మీట నేను నొక్కేది కాదు.

నా బట్టలు ఆగాక
డ్రయ్యరుకని దాచుకున్న పౌండు
ఆ మెషీను నెత్తిన పెట్టి,
తడిబట్టలు సంచీలో కుక్కుకుని,
భుజంతో తలుపు తోసి,
వానలోకి దిగి,