ఇరవై మూడో రోజు

ఇవాళ ఇరవై మూడో రోజు.
వేళ్ల మీద లెక్క తప్పితే
గోడ మీద బొగ్గుగీతలు చెబుతాయి.

తెల్లారి నాలుగున్నరకి పుళియాంతోపులో
చీకటి కూడా ఓటేరి కాలవ వాసనే వేస్తుంది.
లోటాడు నీళ్లు తాగి, నోరు తుడుచుకుని
చీపురు పట్టుకున్నాను.
సాయంత్రం ప్రార్థన దాకా ఇంతే.

పురసవాక్కం పెళ్లిమంటపం వెనక
రాత్రి ఎవరిదో రిసెప్షను.
పూరీలు, పన్నీరు, ముట్టని మైసూర్‌పాకులు,
ఏ పిల్లాడో ఒక్క కొరుకు కొరికి వదిలేసిన జిలేబి,
అన్నీ నా గ్లౌజుల మీదుగా బండిలోకి.
చేతుల నిండా తిండి. కడుపు ఖాళీ.
ప్రభువా, అరణ్యంలో నీ ముందు
రాళ్లే ఉన్నాయి.
ఇక్కడ నెయ్యి వాసన.

నిజం చెబుతాను, నీ దగ్గర దాచి లాభం లేదు గనక.
ఈ ఉపవాసం భక్తితో మొదలుపెట్టలేదు.
మా అమ్మ కొత్తవాల్ చావిడిలో
ఉల్లిపాయలకి ఆడిన బేరమే నీతో ఆడాను.
నలభై రోజులు నేను తినను,
నా నెహెమ్యా చేతికి నువ్వు చీపురు రానివ్వకు.
నెల్లూరు వైపు నించి వచ్చి మా తాత పట్టాడు,
మా నాన్న పట్టాడు, నేను పట్టాను.
చాలు ఇక.

మొదటి వారం ఆకలి కుక్కలా మొరిగింది.
రెండో వారం గుమ్మంలో పడుకుంది.
మూడో వారం, ఏమని చెప్పను,
తోకాడిస్తూ ముందు నడిచి
నేను తాళం వేసుకున్న గదుల్లోకి తీసుకెళ్లింది.

ఒక గదిలో అంజలై ఉంది.
నా పక్క వీధి ఊడ్చే మనిషి.
రెండేళ్ల కిందట మూడువేలు తీసుకుని
ఇచ్చేశానని మేస్త్రీ ముందు ఒట్టేసింది.
అప్పట్నించి ఆమె ఊడ్చిన వీధి నేను తొక్కలేదు.
ఆదివారం పాటల్లో కళ్లు మూసుకుని ఏడ్చేదాన్ని,
సోమవారం ఆమెని చూసి ఉమ్మేసేదాన్ని.
రెండూ ఈ నోరే.

పదకొండింటికి లారీ నీడలో
అంజలై డబ్బా తెరిచింది, నన్ను చూసింది,
మూత మళ్లీ పెట్టేసింది.
"నీకు నోంబు కదా" అంది అరవంలో,
"నీ ఎదురుగా ఎట్లా తినేది?"
అటు తిరిగి కూర్చుంది.
ఆరెంజు కోటు చెమటకి వీపుకి అంటుకుపోయి
వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు.

నేను ఇరవై మూడు రోజులుగా మానేసినదాన్ని
ఆమె ఏళ్ల తరబడి మానేస్తూనే ఉంది.
దానికి ఎవరూ ఉపవాసం అని పేరు పెట్టలేదు.
ఎవరూ గోడ మీద గీతలు గీయలేదు.

"తినవే" అన్నాను.
రెండేళ్లకి మొదటి మాట.
ఇంకేదో పెద్ద మాట అనాలనుకున్నాను,
నాలుక ఎండిపోయి ఉంది.
నా నీళ్లసీసా ఆమె ముందు పెట్టాను.
మూడువేల సంగతి ఆమె ఎత్తలేదు.
నేనూ ఎత్తలేదు.
చింతపండు అన్నం. అప్పడం కూడా లేదు.

సాయంత్రం, సైకిల్ షాపు మీద మా మందిరం.
ఫ్యాను టకటకమంటోంది.
"ప్రార్థన అవసరతలు చెప్పండమ్మా"
అన్నారు జక్కరయ్య అయ్యగారు.
లేచి నిలబడ్డాను.
నెహెమ్యా పేరు నోటి దాకా వచ్చి
వెనక్కి వెళ్లి కూర్చుంది.
"ఏం లేదయ్యా" అన్నాను.

అబద్ధం.
వాడి గురించి భయం ఉంది, ఇంకా ఉంది.
తక్కెడ మాత్రం చేతిలో లేదు.
పొద్దున బండిలోనే పోయిందేమో,
ఆ జిలేబీతో పాటు.

స్టీలు గ్లాసులో గంజి ఇచ్చారు.
ఉప్పెక్కువైంది.
అయినా ప్రతి గుక్కా గొంతులోంచి దిగడం
నాకు వినపడింది.

ఇంటికొచ్చి గోడ మీద గీత గీయబోయి
బొగ్గు కింద పెట్టేశాను.
రేపు రెండు సీసాల నీళ్లు
తీసుకెళ్లాలి.