కాలవ కట్టేసిన నెల

కాలవ కట్టేస్తేనే మాకు సెలవు.
ఏప్రిల్ ఆఖర్న పైన నీళ్ళాపేశాక
లాకుల్లో లస్కరుకి పనేం ఉంటుంది?
చక్రానికి గ్రీజు పూయడం,
అడుగు బురదలో పిల్లలు కొర్రమీనుల కోసం
కలబడుతుంటే గట్టు మీంచి చూడ్డం.

అలాంటి రోజున, అన్నంలో మజ్జిగ పోసుకుంటూ
"ఎల్లుండి సముద్రానికి ఎల్దాం" అన్నాడు మా ఆయన.
పెళ్ళైన ఐదేళ్ళలో
"చూద్దాంలే" కాకుండా
రోజు పెట్టి చెప్పిన మొదటి మాట.

వాను త్రిమూర్తులు బావది.
టెంటు సామాన్లు మోసే వాను.
వెనక తలుపుకి గొళ్ళెం లేదు, నైలాను తాడుంది.
"బ్రేకు రెండుసార్లు తొక్కాలి.
పెట్రోలు మీదే. గీత పడిందా మటుకు..." అని
మిగతాది చెప్పకుండా తాళం ఇచ్చాడు.

తెల్లారకుండా మినపరొట్టి కాల్చాను.
బుడ్డోడి పాలసీసా, ఉగ్గు గిన్నె, మూడు తువ్వాళ్ళు,
మోక్షిత చంకలో ఎర్ర ప్లాస్టిక్ మగ్గు.
స్నానాల మగ్గు సముద్రానికెందుకే అంటే
"మరి నీళ్ళెలా పోసుకుంటాం?" అంది.

పలివెల దాటాక ఇంజను వేడెక్కి ఆగాం.
ఒకింటామె బోరింగు కొట్టి నీళ్ళిచ్చి
"ఎవరింటికండీ?" అనడిగింది.
ఎవరింటికీ కాదండీ, ఊరికే, అని చెప్పడానికి
నాకెందుకో సిగ్గేసింది.
పెళ్ళికో, చావుకో, ఆసుపత్రికో తప్ప
మేం నలుగురం రోడ్డెక్కిందెప్పుడు?

అంబాజీపేటలో కొబ్బరిపీచు వాసన.
అమలాపురంలో గడియార స్తంభం చుట్టూ
దారి తెలీనట్టు రెండు చుట్లు.
తెలిసే తిప్పానని తర్వాత ఒప్పుకున్నాడు.
అల్లవరం దాటితే రొయ్యల చెరువుల్లో
నీళ్ళని చిలుకుతున్న చక్రాలు.
ఉప్పుగాలికి బుడ్డోడు తుమ్మాడు.

సరుగుడు చెట్ల సందుల్లోంచి
ముందు చప్పుడొచ్చింది,
తర్వాత తెల్లటి నురగ,
ఆ తర్వాత
అవతలి గట్టు లేని నీళ్ళు.

మోక్షిత మగ్గు పట్టుకుని నిలబడిపోయింది.
ఎడంవైపు చూసింది. కుడివైపు చూసింది.
"నాన్నా, దీన్నెప్పుడు కట్టేస్తారు?"

నవ్వుతాడనుకున్నాను.
పందొమ్మిదో ఏట వాళ్ళ నాన్న తర్వాత
ఆ చక్రం మీద చెయ్యేసినవాడు.
అర్ధరాత్రి రైతులొచ్చి తిడితే రెండంగుళాలు ఎత్తి
పొద్దున ఏఈ వచ్చి తిడితే మళ్ళీ దించినవాడు.
మూణ్ణెల్ల జీతం బాకీ ఉన్నా
నీటిమట్టం చీటీ ఒక్కపూట తప్పనివాడు.
చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని
ఆఫీసరు గదిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు.
"దీనికి లస్కరు లేడమ్మా."
"మరి రాత్రిళ్ళు ఎవరు చూస్తారు?"

ఆ మాటకి జవాబు దొరక్క
ప్యాంటు మడిచి, దాన్ని ఎత్తుకుని దిగాడు.
మోకాలి లోతులోనే ఓ కెరటం
ఇద్దర్నీ కూలేసింది.
నీళ్ళ ముందు ఆయన పడిపోవడం
నేను చూడ్డం అదే మొదలు.
ముక్కులోంచి నీళ్ళు కారుతూ నవ్వాడు,
పెళ్ళిఫోటోల్లో కూడా లేని నవ్వు.

తర్వాత బుడ్డోణ్ణి ఆయనకిచ్చి
నేనొక్కదాన్నే వెళ్ళాను, నడుందాకా.
కాళ్ళ కింద ఇసుక జారిపోతుంటే
బాకీవాడు చాప లాగేస్తున్నట్టుంది.
అయినా కాసేపు అక్కడే నిలబడ్డాను.
ఒడ్డున పిల్లాడు ఏడుస్తున్నాడు,
వినబడనట్టు ఊరుకున్నాను.
ఇది ఆయనకి చెప్పలేదు.

మగ్గులో సముద్రాన్ని పట్టుకొచ్చింది మోక్షిత.
గతుకు దగ్గర రెండోసారి తొక్కిన బ్రేకుకి
సగం ఒళ్ళో, సగం సీటులో.
ఏడ్చి ఏడ్చి ఖాళీ మగ్గు పట్టుకునే నిద్రపోయింది.

రాత్రి, ఎండిన కాలవ పక్కన
సెల్‌ఫోను వెలుగులో వాను దులిపాం.
సీటు మీద ఉప్పు చార తెల్లగా తేలింది.
"బావకేం చెబుతారు?"
"బుడ్డోడు పోశాడని చెబుదాం."
నవ్వుకుంటూ దులుపుతూనే ఉన్నాం.
సీట్ల కింద, నా కొంగు ముడిలో,
చివరికి వెనక తలుపు తాడు విప్పితే
ఆ పేటల్లోంచి కూడా ఇసుక.