ఇల్లు చూసి

ఇన్యాకా దీవిలో ఆటు మొదలై గంట దాటింది.
మడచెట్ల వేళ్ల మధ్య బురద
తుడిచి వదిలేసిన పలకలా ఉంది.
బోర్లా పడుకుని లెక్క పెడుతున్నాను.

బొరియకొక మగ పీత.
ఒంటిని మించిన డెక్క, తెల్లగా,
పైకి, కిందికి, మళ్లీ పైకి.
అందరూ ఒక్కసారే ఎత్తుతారు,
ఎవడికి వాడు తనే ముందనుకుంటాడు.
అంత డెక్కతో ఒక్క ముద్ద నోటికి రాదు.
రెండో చేయి, చిన్నది, ఆకలంతా తనే మోస్తుంది.
పీత కష్టాలు పీతవి.

ఆమె రెండు చేతులా తింటూ వచ్చింది.
తొందర లేదు.
ఒక గుమ్మం, ఇంకొకటి, మరొకటి.
పదకొండో బొరియ దగ్గర ఆగింది.
అక్కడివాడి డెక్క ఈ గట్టున అన్నిటికంటే పొడుగు.
మొన్న వాణ్ని పట్టుకుని కొలిచాను కనక నాకు తెలుసు:
పాతది ఏ కొట్లాటలోనో ఊడి, ఇది మళ్లీ మొలిచింది.
అంచున పళ్లు లేవు, లోపల కండ అంతంత మాత్రం.
తేలిక కాబట్టే అంత హుషారు.
పక్కింటివాడికి ఈ సంగతి కలబడితే గానీ తెలియదు.
ఆమెకు తెలుసా?
నా పుస్తకంలో ఆ గడి ఖాళీ.

లోపలికి వెళ్లింది.
వాడి డెక్క సగం ఎత్తులో ఆగిపోయింది.
బయటికొచ్చింది. మేత మొదలుపెట్టింది.

గుల్లలు తవ్వుకుంటున్న ఫెలిజార్దా
పార మీద గడ్డం ఆనించి అడిగింది:
"లోపల ఏం చూస్తుంది?"
వెడల్పు, లోతు, తడి అన్నాను.
పిల్లలు ఏ రాత్రి నీళ్లలో పడాలో
ఆ రాత్రికే గుడ్లు పండే చోటు.
ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్న మాటని
ఈ బురదలో తిరగేసి చదవాలి.

ఫెలిజార్దా నవ్వలేదు.
"మా నాన్న పెళ్లికొడుకుని చూశాడు.
నేను వాళ్ల పడవ అడుగు తట్టి చూశాను.
పుచ్చిన చెక్క దాచుకోలేదు, చప్పుడు చెప్పేస్తుంది."
"చెప్పిందా?"
"ముప్పై ఏళ్లయింది. ఇంకా మునగలేదు," అని
మళ్లీ వంగి తవ్వడం మొదలుపెట్టింది.

పదిహేడోవాడు చిన్నవాడు, డెక్క కొస విరిగినవాడు.
ఆమె దిగింది. ఎంతసేపటికీ రాలేదు.
వాడూ దిగి, లోపలినుంచి
నాణెమంత బురద మూత లాక్కున్నాడు.

సమయం రాసుకోవడం మరిచిపోయాను.

పదకొండోవాడు మాత్రం
పోటు అంచు జానెడు దూరానికి వచ్చేదాకా
ఊపుతూనే ఉన్నాడు,
ఎవరూ లేని వైపుకి.